నూకన్న చలికాలం

నూకన్నకి చలి. అండమాన్లో ఉండి చలి! ఈ దీవులన్నీ గాలించినా ఆ జబ్బున్న మగాడు ఇంకొకడు దొరకడు. మార్గశిరం వచ్చిందంటే చాలు, ప్రోతరాపూర్ జనమంతా ఉక్కకి బనియన్లు పిండుకుంటూ ఉంటే, నూకన్న మాత్రం కోతిటోపీ, ఎర్ర మఫ్లరు, ఎవరో సిపాయి వదిలేసి పోయిన ఉన్ని స్వెట్టరు తగిలించుకుని, వాకిట్లో చలిమంట ముందు కూర్చునేవాడు. ముఖమ్మీద చెమట ధార కట్టేది.

"సెమట కాదు, మంచు," అని తుడుచుకునేవాడు.

బస్సెక్కితే కండక్టరుకి పండగే. "క్యా భయ్యా, కాశ్మీర్ కా టికట్ దూఁ?"

"జంగ్లీఘాట్ దేదో భయ్యా. ఔర్ ఓ ఖిడ్కీ బంద్ కరో, ఠండీ హవా ఆ రహీ హై."

ఆ కిటికీ మూసిన పాపానికి బస్సులో సగం మంది మధ్యలోనే దిగి నడిచిపోయేవారు.

ఈ చలివల్ల అందరికన్నా ఎక్కువ పరువు పోయింది గవరయ్యకి. గవరయ్య సామాన్యుడు కాదు. భీమిలి దగ్గర పల్లెలో, వీధిబడిలో అయిదో తరగతి ఫస్టున పాసైనవాడు. స్వరాజ్యం వచ్చిన కొత్తలో ఓడెక్కి వచ్చి, జంగ్లీఘాట్ రేవులో మనవాళ్లలో మొట్టమొదట సొంత పడవ దింపినవాడు. తుపానులో చుక్కాని విరిగితే ఒట్టి తెడ్డుతో పడవని ఒడ్డుకి చేర్చినవాడు. ఇవన్నీ అడక్కపోయినా చెబుతాడు. అడిగితే ఇంకొన్ని చెబుతాడు. అంతటి గవరయ్య పడవలో నూకన్న కళాసీ. పడవలకి బొమ్మలు వేసేవాడూ అతనే. నడిసముద్రంలో, ఎండ మాడుస్తుంటే, చెవుల చుట్టూ మఫ్లరు బిగించి వల లాగుతాడు.

ఆ ఏడు శీతాకాలం దిగులు దిగులుగా వచ్చింది. ముసురు వదల్లేదు. ఆకాశం తడిసిన గోనెపట్టాలా నెత్తిమీద వేలాడేది. వలకి చేప తగల్లేదు. మద్రాసు ఓడ రాలేదు, ఊళ్లో ఎవరున్నారో ఎవరు పోయారో కబురు లేదు. రేవులో ఎవరి మొహం చూసినా పాచిపట్టిన పడవ అడుగులా ఉండేది. అటువంటి రోజుల్లో గవరయ్య కొత్త పడవ కట్టించాడు. కట్టించి, నూకన్నని పిలిచాడు.

"ఒరే నూకా, బొమ్మ నువ్వే ఎయ్యాల. నీ సెయ్యి లాంటి సెయ్యి ఇక్కడ లేదు. కానైతే ఆ టోపీ, ఆ మఫ్లరు తీసి పారెయ్. పక్క పడవోల్లు మనల్ని 'ఠండా కంపెనీ' అంటన్నార్రా!"

"తియ్యలేను మావా. సలి."

"అయితే పడవ నీట్లోకి దిగిన్నాడే నువ్వు పడవలోంచి దిగిపో."

నూకన్న మఫ్లరు ఇంకాస్త బిగించుకున్నాడు. ఆ పడవలో చోటు పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గవరయ్య పడవ ముక్కున, అణియం మీద ఎగిరే చేపని వెయ్యమన్నాడు. నూకన్న వేశాడు. నాలుగు రోజుల తరవాత చూడ్డానికి వచ్చిన గవరయ్య, అది నిజంగా మీదికి ఎగురుతుందేమోనని ఓ అడుగు వెనక్కి వేశాడు. పొలుసు పొలుసుకీ మెరుపు. రెక్కల్లో గాలి. ఇక మెడకి - చేపకి మెడ ఎక్కడిదని అడక్కండి - ఎర్ర మఫ్లరు!

"సేపకి మఫ్లరేట్రా?"

"ఎగిరే సేప కద మావా. నీల్లల్లో ఉన్నంతసేపూ పర్లేదు. గాల్లోకొస్తే సలి."

కళాసీలంతా ఇసకలో పడి దొర్లారు. గవరయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇక వీణ్ణి రేపటినుంచి రావద్దని చెప్పాల్సిందే. అదీ నలుగురి ముందూ కాదు, ఇంటికే వెళ్లి పెళ్లాం ముందు చెప్పాలనుకున్నాడు. సాయంత్రం ప్రోతరాపూర్ బస్సెక్కాడు.

గుమ్మంలోనే నూకన్న పెళ్లాం గురమ్మ ఎదురొచ్చింది. "కేకలెయ్యకు బాబాయ్, లోపల మాయమ్మ ఉంది."

"ఉంటే ఉండనీ! నీ మొగుడికి ఈ సలి ఏటి? నాకిప్పుడు సెప్పాల."

గురమ్మ గొంతు తగ్గించింది. "సలి ఆయనకి కాదు, మాయమ్మకి. వయసుడిగి ఒంట్లో ఏడి సచ్చింది. ఓ పాలి కొళాయి కాడికి దుప్పటి కప్పుకెల్తే ఆడోల్లంతా పకపకా నవ్వీనారు. 'అండమాన్లో సలేటి, ముసిల్దానికి మతి పోనాది' అని. ఆనాటినించి సలని నోరిప్పలేదు. సిగ్గుపడి లోపల్లోపలే వనికీది. గంజి మానీసింది. ఇక దక్కదనుకున్నాం. అప్పుడు ఈయన టోపీ ఎట్టుకొచ్చి, 'అత్తా, సలికి సచ్చిపోతన్నాను' అని ఆ మంచం కాడ కూకున్నాడు. ఆ పూట గంజి తాగింది."

"మరి రేవుకి కూడా ఎందుకే?"

"ఊరి నోల్లన్నీ మా గుమ్మం ముందే తిరుగుతాయి. బయట ఇప్పీసి ఇంట్లో తొడిగితే, ఎవరో ఒకరు ఆమెకి సెప్పీరా?"

గవరయ్య లోపలికి అడుగుపెట్టాడు. కుక్కి మంచంలో గురమ్మ తల్లి ఎరుకమ్మ ఉందో, దుప్పట్లే ఉన్నాయో తెలియడం లేదు. ఎదురు గోడ నిండా మంచు. సున్నంలో రవ్వంత నీలం కలిపి, పొరలు పొరలుగా, పలచగా నూకన్న వేసిన మంచు. అందులో మొదళ్లు కనపడని తాటిచెట్లు, ఒడ్డుకి లాగిన తెప్పలు, దూరంగా ఎర్రచుక్కంత చలిమంట. అది గవరయ్య వదిలి వచ్చిన ఒడ్డే. వచ్చాక మళ్లీ చూడలేదు.

నూకన్న గంజిగిన్నె అత్త నోటి దగ్గర పెట్టి ఉన్నాడు. ఎరుకమ్మ తాగలేదు. వచ్చినాయన్ని చూస్తోంది. చొక్కా లేని ఒళ్లు, భుజమ్మీద తువ్వాలు, మెడమీద చెమట.

"ఈ బాబెవరు? ఈయనకి సలెయ్యట్లేదేటి?"

గిన్నె గాలిలో ఆగిపోయింది. నూకన్న తల వంచుకున్నాడు.

జన్మలో దేనికీ వణకలేదని ఊరంతా చెప్పుకు తిరిగిన గవరయ్య రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు. మోకాళ్లు ఆడించాడు. భుజాలు ఆడించాడు. ఇల్లు కూడా ఆడిందేమో.

"సలేటప్పా! ఎముకలు కొరికేస్తంది! గుమ్మం దాకా ఎలా వచ్చానో ఆ గంగమ్మ తల్లికే ఎరిక!"

ఎరుకమ్మ బోసినోరు విచ్చుకుంది. పైనున్న దుప్పటి లాగి అతనికి అందించింది. "కప్పుకో నాయనా. నాకు మరీ అంత లేదులే." గంజి గుటగుటా తాగేసింది. నూకన్న ఇదే సందని కుంపటి తెచ్చి గవరయ్య కాళ్ల దగ్గర పెట్టాడు.

ముసలమ్మ మూతి తుడుచుకుని, అతన్ని జాలిగా చూసింది. "ఏం పన్జేస్తాడు ఈ బాబు?"

"మా పడవలోనే అత్తా."

"అయ్యో, ఇంత సలి పీనుగు సముద్రానికెలా ఎల్తాడు? అల్లుడా, మీ పడవ గలాయనకి నా మాటగా సెప్పు. సలని ఈ బాబుని పన్లోంచి తీసీవద్దని."

"సెప్తాలే అత్తా," అన్నాడు నూకన్న. "ఆయనకి కోపం జాస్తి గానీ, మనిషి మంచోడే."

దుప్పటి కింద చెమటలు ధారాపాతంగా కారుతున్న గవరయ్య పళ్లు టకటకలాడించాడు.

"నేనూ ఓ పాలి ఆయన్ని బతిమాలి సూస్తానప్పా."