మంత్రసాని అవ్వ వాంగ్మూలం

మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. బిడ్డకు నెల నిండకముందే మా వాడ గోడల మీద సర్కారు వాళ్లు ఉర్దూ నోటీసులు అంటించి పోయారు. పురానాపూల్ దిగువన, మూసీ ఒడ్డున మావి ఇరవై దాకా ఇళ్లు. ఎక్కువ మంది బర్రెలు పెట్టుకుని అఫ్జల్‌గంజ్ హోటళ్లకు పాలు పోసేవాళ్లే. ఉర్దూ చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే. అందరూ మా వాకిట్లో నిలబడ్డారు. పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని చదివాను.

ఏటి ఒడ్డు బాగుచేస్తారట. ఇళ్లన్నీ కూలగొడతారట. పెద్ద వరదకు ముందు నుంచి విడవకుండా ఉన్నవాళ్లకు మాత్రం వేరేచోట జాగా ఇస్తారట. కచేరీలో సాబుకు రుజువు చూపడానికి పదిహేను రోజులే గడువు.

"కాయితాలు ఏమన్న ఉన్నయా బాపు?" అని నాయనను అడిగాను.

"గోడలే పొయినయ్ బిడ్డా. కాయితాలు ఉంటయా?"

వరద వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకొచ్చారో చెప్పగలిగింది ఒక్కరే, మంత్రసాని అవ్వ. వాడలో సగం మందికి ఆమే పురుడు పోసింది. మొన్న నా బిడ్డను అందుకున్నదీ ఆమే. చెవులు సరిగ్గా వినపడవు కానీ మనసులో ఏదీ చెరిగిపోలేదు.

మూడు రోజులు ఆమె వెంట ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాను. ఏ సంవత్సరమో ఆమెకు తెలియదు. కాన్పులే ఆమె లెక్క. మొదటి గుడిసె ఒక చాకలాయనది. రెండోది సమాధి రాళ్లు చెక్కే సాయెబుది.

"సాయెబు పెండ్లానికి నేను పురుడు పోసిన్నాడు మీ తాత ఈడ గోడ పెడుతుండె. కరువుకు ఊరిడిసి రెండు బర్లను తోలుకొచ్చిండు. ఒక్కటి పాలిస్తలేకుండె" అని చెప్పి నవ్వింది. మా తాత ఏ స్థితిలో ఈ ఊరికి వచ్చాడో నాకు అప్పుడే తెలిసింది.

చివరికి ఆమె ఇంటి ముందుకు వచ్చాం. "నీ సంగతి చెప్పు అవ్వా" అన్నాను. గడప మీద కూర్చుంది. పసిదానికి పాలు చాలుతున్నాయా అని మాట మార్చింది. వద్దులే అనాల్సింది. కానీ గడువు దగ్గర పడుతోంది. మళ్లీ మళ్లీ అడిగాను.

"వరదొచ్చిన్నాడు ఇంటి కప్పు ఎక్కినం" అంది. "చిన్నోన్ని కొంగుకు కట్టుకున్న. పెద్దదాని చెయ్యి వట్టుకున్న. కొంగు చినిగింది. వాన్ని వట్టుకుందామని దాని చెయ్యి ఇడిసిన."

ఆమెకు పిల్లలు ఉండేవారని కూడా నాకు తెలియదు.

"ఇద్దరు పోయిన్రు. రెండేండ్లు ఈడ లేను బిడ్డా. ఏటి పొంటి కింది ఊర్లన్ని తిరిగిన, ఎవలకన్న దొర్కిన్రేమోనని."

ఏడుస్తూనే అంతా రాశాను, ఒక్క మాట వదలకుండా. ఇంటికొచ్చి చదివి వినిపిస్తే నాయన ముఖం అదోలా పెట్టాడు. "గదంత రాసుడు అవుసరమా?"

"సాబు మనసు కరగాలె గద బాపు" అన్నాను. నిజానికి ఆ కాగితంలో నాకు అన్నిటికంటే బాగా నచ్చింది ఆ భాగమే.

కచేరీకి అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గుమాస్తా అర్జీ మీద ముద్ర వేసి చదువుతుంటే సాబు ఓపిగ్గానే విన్నాడు. ఒక్కో ఇంటికీ తలూపాడు. అవ్వ వంతు వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు. రెండేళ్లు ఇక్కడ లేదా అని ఉర్దూలో నన్ను అడిగాడు.

"పిల్లల కోసం వెతుకుతూ పోయింది" అన్నాను.

విడవకుండా ఉన్నవాళ్లకే అని నోటీసులో ఉంది కదా అన్నాడు. ఆ వాక్యం కొట్టేస్తానన్నాను. ముద్ర పడ్డాక కొట్టెయ్యడం కుదరదన్నాడు. బల్ల పట్టుకుని బతిమాలాను. చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. నాయన తలపాగా తీసి నేల మీద పెట్టాడు. గుమాస్తా తర్వాతి వాళ్లను పిలిచాడు.

"ఏమంటుండు?" అని అవ్వ అడిగింది.

"మల్లొక్కపారి రమ్మన్నడు అవ్వా" అని అబద్ధమాడాను.

ఆ వారమే ఇంకో అర్జీ రాసి పంపాను. జవాబు రాలేదు. జాబితా అంటించిన రోజున అందులో మాతో కలిపి పదకొండు ఇళ్లున్నాయి. పదకొండూ అవ్వ మాట మీద నిలిచినవే. అవ్వ ఇల్లు లేదు. చదివి చెప్పేదాన్ని నేనే కాబట్టి ఆమెకూ నేనే చెప్పాల్సి వచ్చింది. మాతో వచ్చి ఉండమన్నాను.

కూలగొట్టే రోజు ఆమె బయట నిలబడి, పక్కింటి మీద పడకుండా ఏ గోడ ముందు తియ్యాలో కూలీలకు చూపించింది. తర్వాత మూట పట్టుకుని శాలిబండలో చెల్లెలి కూతురి దగ్గరికి పోయింది.

మాకు దొరికిన జాగా అంతా బండలే. నీళ్లు లేక బర్రెలు ఒక్కొక్కటే పోయాయి. నాయన ఒకరి గోదాములో కావలికి కుదిరాడు. అత్తగారింటికి వెళ్లేముందు ఒక మధ్యాహ్నం నేను శాలిబండ వెళ్లాను. అవ్వ నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డను పక్కన పడుకోబెట్టాను.

"తప్పంత నాదే అవ్వా. నేను రాయకపోతే నీ ఇల్లు దక్కేది."

తిరిగి నా వైపు చూసింది. ఫర్వాలేదంటుందని ఎంతగా ఆశపడ్డానో చెప్పలేను.

"అవు బిడ్డా. నువ్వు అడగకపోతే నేను చెప్పకపోయేదాన్ని" అంది. బిడ్డ కాలు ఒకసారి నిమిరి మళ్లీ గోడవైపు తిరిగింది.

వానలు మొదలైన రోజుల్లో అవ్వ పోయింది. ఆ కబురు మా నాయనకు నాలుగు రోజులకు చేరింది. నాకు నెలకు.