హాము మనవరాలు

మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలిని రాజమండ్రిలో చర్చివాళ్లు పెట్టిన పిల్లల బైబిలు తరగతులకు దింపడానికి వెళ్లి, అక్కడ గోడకు తగిలించిన రంగుల చార్టు ముందు కదలకుండా నిలబడిపోయాను. పైన జలప్రళయంలో ఓడ కట్టి బతికిన నోవహు తాత, ఆయన కింద ముగ్గురు కొడుకులు షేము, హాము, యాపెతు, వాళ్ల కింద కొమ్మలు కొమ్మలుగా పిల్లలూ మనవలూ, ఒక్కో పేరు పక్కన ఒక్కో దేశం. పాఠం చెప్పే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు, లోకంలోని జనాలన్నీ ఒక్క ఇంట్లోంచే వచ్చాయని, మనమంతా చుట్టాలమేనని పిల్లల చేత గట్టిగా అనిపిస్తోంది. బాగా చెబుతున్నావు తల్లీ అని మనసులోనే అనుకుని, బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఆ పాఠం వింటే నాకు మా చెల్లెలే గుర్తొస్తుంది, ఏడుపొస్తుంది.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు వారమంతా ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఆదివారం సండే స్కూలుకీ ఆయనే మాస్టారు. బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండంలో ఈ వంశాల పట్టీ ఉన్న పదో అధ్యాయం వచ్చేసరికి అందరూ ఆ నోరు తిరగని పేర్లకు హడలిపోయి గబుక్కున పేజీ తిప్పేస్తే, మా నాన్నగారికి మాత్రం అదే పెద్ద పండగ. నల్లబల్ల మీద సుద్దముక్కతో మూడు కొమ్మలు గీసి, యావాను అంటే గ్రీకులర్రా, మిస్రాయిము అంటే ఐగుప్తు, అదే ఈజిప్టు, కూషు అంటే ఆ ఐగుప్తుకి కిందనున్న నల్లవాళ్ల దేశం అని ఆయన చెబుతూంటే, సముద్రం కూడా సరిగా చూడని మేము చాపల మీద కూర్చుని ప్రపంచమంతా తిరిగొచ్చేవాళ్లం. మన తెలుగువాళ్లం ఎవరి కొమ్మ అన్నది మాత్రం ఎప్పటికీ తేలేది కాదు. దొరలు యాపెతు సంతానం కాబట్టి మనమూ అటువైపే అయితే బాగుండునని సంఘంలో కొందరు పెద్దలకు మహా ఆశగా ఉండేది. వీధి చివరి కిరాణా కొట్టాయన ఇదంతా విని, మా గోత్రాలూ అంతేనండి మాస్టారూ, ఎంత వెనక్కి వెళితే అంత గొప్పవాళ్లం అని నవ్వేవారు.

ఆ పాఠంలోనే ఒక విషపు చుక్క ఉందని అప్పుడెవరికీ తెలియదు. హాము సంతానం నల్లవాళ్లని, వాళ్లకు నోవహు తాత శాపం తగిలిందని, అందుకే వాళ్ల బతుకు ఒకరి కింద ఊడిగమేనని మా నాన్నగారికి ఆయన చిన్నతనంలో ఎవరో మిషనరీ దొరగారు నేర్పారట. పెద్దలు చెప్పింది కదా అని ఈయనా అదే చెప్పేవారు. మా ఇంట్లో అందరం చామనచాయ, మా చెల్లి ఒక్కతే మా నాయనమ్మలా నిగనిగలాడే నలుపు. దానికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు, పాఠం మధ్యలో లేచి, మరి నేనెవరి తాలూకండి నాన్నగారూ అని అడిగింది. ఆయన పకపకా నవ్వి, "ఇంకా అనుమానమెందుకే వెర్రి తల్లీ, నువ్వు హాము మనవరాలివి" అన్నారు. అందరం నవ్వాం, అదీ నవ్వింది. ఆ తర్వాత అదే దాని ముద్దుపేరైపోయింది. బడి నుంచి వస్తూనే హాము మనవరాలేదీ అని పిలిచేవారు, అది పరిగెత్తుకొచ్చి ఆయన సంచీ అందుకునేది.

దానికి ఇరవయ్యో ఏడు వచ్చాక సామర్లకోట నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా, నెమ్మదస్తుడు, పిఠాపురం క్రైస్తవ సభల్లో మా చెల్లి పాట విని తనే ఇష్టపడి పెద్దవాళ్లను పంపించాడు. మా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అదేమో వద్దంది. అబ్బాయి నచ్చలేదా అంటే నచ్చాడంది, మరేమిటే నీ రోగం అని అమ్మ తిట్టింది, బతిమాలింది, అన్నం మానేసింది. చివరికి ఒక మధ్యాహ్నం అమ్మతో కలిసి చిక్కుడుకాయలు తుంపుతూ, "నా కడుపున పుట్టేవాళ్లకి కూడా ఆ శాపం ఎందుకమ్మా, నాతోటే పోనీ" అంది. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్న నాన్నగారి చెవిన ఆ మాట పడింది. లేచి లోపలికెళ్లి బైబిలు తెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి ఆయన శాపం సంగతి ఉన్న తొమ్మిదో అధ్యాయం, ఆ పదో అధ్యాయం తప్ప ఇంకేమీ చదవలేదు. చదివి చదివి, దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో వచనం మీద వేలు పెట్టి చూపించారు. శాపం హాముకు కాదు, ఆయన నలుగురు కొడుకుల్లో కనాను ఒక్కడికే. అదీ బట్టల్లేకుండా పడున్న తనను హాము చూశాడని, తాగిన మత్తు వదిలి లేచిన ముసలాయన కోపంలో అన్న మాట, దేవుడన్నది కాదు. నలుపన్న మాట ఎక్కడా లేదు. పదో అధ్యాయంలోని జనాల పట్టీ అంతా వెతికినా ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు, ముగ్గురి పిల్లలకూ వంశాలున్నాయి, భాషలున్నాయి, దేశాలున్నాయి, నీనెవె అంతటి పట్టణం కట్టిందే హాము మనవడు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఆ తర్వాతి ఆదివారం సంఘమంతటి ముందూ నిలబడి, ఇన్నేళ్లూ నేను చెప్పింది తప్పండి, పిల్లలు నన్ను క్షమించాలి అన్నారు. ఆ రోజుల్లో ఒక మాస్టారు అలా అనడమంటే మాటలా!

ఇంటికొచ్చాక చెల్లి ఆయనకు మంచినీళ్లిచ్చి, కాళ్ల దగ్గర కూర్చుంది. "మీరు చూపించిందే నిజమండి నాన్నగారూ, నా బుర్రకి తెలుస్తూనే ఉంది. కానీ అప్పుడు నవ్వుతూ అన్నది లోపలికెళ్లి కూర్చుందండి. ఇప్పుడు ఏడుస్తూ చెప్పేది లోపలికి వెళ్లట్లేదు" అంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మాకు నేర్పింది ఆయనే. సామర్లకోట అబ్బాయి ఒక ఏడాది చూసి మరో పిల్లను చేసుకున్నాడు. మా చెల్లి ఇక పెళ్లి ఊసెత్తనివ్వకుండా నర్సు చదివి, కాన్పుల వార్డులో ఊరివాళ్ల బిడ్డల్ని ఎంతమందినో చేతుల్లోకి అందుకుని, ఏ బిడ్డ నల్లగా పుట్టినా మా రాజే, మా బంగారమే అని తల్లికి అందించేదట. నాన్నగారు ఆ దిగులుతోనే పోయారు. అదీ కిందటేడు చలికాలంలో పోయింది.

ఇప్పటి పిల్లలకు శాపం సంగతి ఎవరూ చెప్పడం లేదు, చెప్పినా ఊరుకోరు, ఎక్కడుందో చూపించండి అని అడుగుతారు, ఫోనులో వెతికి మనకే పాఠం చెబుతారు. మేము అడిగేవాళ్లం కాదు, మాస్టారి మాటే మాకు దేవుడి వాక్యం. కాలం మంచికే మారింది, సంతోషమే, మా చెల్లి ఇప్పుడు పుట్టి ఉండాల్సిందని మాత్రం గుండె కొట్టుకుంటుంది. ఆ రోజు ఇంటికొచ్చి పదో అధ్యాయం మళ్లీ తీశాను. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు మరొకణ్ణి కనెను, జనాలన్నీ అలాగే పుట్టుకొచ్చాయి. కనడానికి భయపడి ఆగిపోయిన ఆడపిల్ల పేరు మాత్రం ఏ వంశావళిలోనూ ఉండదు.