తమ్ముడి గదిలో లీచీ వాసన

తమ్ముడు పోయాక వాడి గది సర్దడానికి నాకు చాలా రోజులు చేతులు రాలేదు. సింగపూర్‌లో చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్‌లో అన్నిటికన్నా చిన్న గది అది. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద రెండు మానిటర్లు. ఏఐ తెలుసంటే చాలు, ఐటీ కంపెనీలు ఎదురొచ్చి ఉద్యోగాలిస్తున్న రోజులవి. వాడినీ అలాగే పిలిచారు. తుని నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి సరాసరి నా దగ్గరికి. వచ్చిన రోజు బూట్లు విప్పుతూనే, "అక్కా, ఇక్కడ పుల్ల పెరుగు దొరుకుతుందా?" అని అడిగాడు. దొరక్కపోతే ఆ విమానంలోనే వెనక్కి వెళ్ళిపోయేలా ఉంది ముఖం.

ఒక ఉదయం ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోంచి ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు.

బట్టలు ఎవరికైనా పనికొస్తాయని చివరికి ఒక ఆదివారం అలమర తెరిచాను. చొక్కాల వెనక హెడ్‌ఫోన్ల డబ్బా ఉంది. అందులో హెడ్‌ఫోన్లు లేవు. వేలెడు పొడవున రంగురంగుల ప్లాస్టిక్ గొట్టాలు, పిల్లల స్కెచ్ పెన్నుల్లా ఉన్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి లీచీ వాసన. ఆ వాసన నాకు బాగా తెలుసు. వాడి గదిలో ఎప్పుడూ అదే. "ఏంట్రా ఇది?" అంటే, "శానిటైజర్ అక్కా, ఆఫీసులో ఇచ్చారు" అనేవాడు.

సిగరెట్లు మానేశానని వాడు చెప్పిన రోజు నేను సున్నుండలు చేశాను. ఆ రోజు వాడు వద్దు వద్దంటూనే నాలుగైదు తినేసి, డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చేశాడు. అప్పటికే ఈ వేప్‌లు, బ్యాటరీ సిగరెట్లు, మొదలుపెట్టాడో ఏమో. శనివారాలు స్నేహితులతో వుడ్‌ల్యాండ్స్ సరిహద్దు దాటి పక్క దేశంలోని జొహోర్ వెళ్ళేవాడు, మకాన్ కోసం, అంటే తిండి కోసమని చెప్పి. అక్కడే కొనుక్కొచ్చి ఉంటాడు.

మా ఆయనకు చూపిస్తే మనిషి పాలిపోయాడు. ఈ దేశంలో వేప్ దగ్గరుంచుకోవడమే నేరం. "ఎవరైనా చూస్తే మన ఉద్యోగాల పాస్‌లు పోతాయి. గట్టిగా చుట్టి చెత్త చ్యూట్‌లో పడేసెయ్. ఉన్నవాళ్ళం ఇరుక్కుంటామా ఇప్పుడు?" అన్నాడు. అనేసి, తను అన్న మాట తనకే వినిపించినట్టు మంచం మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వాడంటే ఆయనకీ ప్రాణమే.

మా అంతస్తులో లిఫ్టు పక్కన గోడకు చెత్త జారవిడిచే చ్యూట్ ఉంటుంది. నల్ల సంచి పట్టుకుని దాని మూత దగ్గర నిలబడ్డాను. చెయ్యి ముందుకు పోలేదు. వాడివి కదా. ఎదురింటి ఆంటీ అప్పుడే చెత్త తీసుకుని వచ్చారు. ఆవిడ హైదరాబాదు ముస్లిం. అక్కడ చాలా ఏళ్ళు స్కూల్లో కెమిస్ట్రీ చెప్పి, కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. తమ్ముడు పోయిన వారం మా వంటింట్లో పొయ్యి వెలిగించింది ఆవిడే.

"ఏం బేటీ, సంచి పట్టుకుని ఏడుస్తున్నవ్?"

ఆవిడకు దాచాలనిపించలేదు. సంచి తెరిచి చూపించాను.

"నక్కో బేటీ, నక్కో! చ్యూట్ల వెయ్యకు" అంటూ నా మణికట్టు పట్టుకున్నారు. "లోపల పొగ అయిపోతది గానీ బ్యాటరీ జాన్ పోదు. కింద లారీల చెత్తను ఒత్తుతరు, అప్పుడు నలిగి అంటుకుంటది. మేం ఇదివరకున్న బ్లాక్‌ల ఎవరో పాత బ్యాటరీ పడేస్తే చ్యూట్ మొత్తం పొగ. ముసలోళ్ళు మెట్ల మీద దగ్గుకుంట దిగినరు."

"మరేం చెయ్యను ఆంటీ? పోలీసులకివ్వాలా?"

"అవసరం లేదు. కమ్యూనిటీ క్లబ్‌ల పెట్టె పెట్టినరు, వీటి కోసమే. పేరు అడగరు, జరిమానా లేదు. శనివారం నేను కూడ వస్త. అప్పటిదాక స్టీల్ డబ్బాల పెట్టు. ఎండ తగలొద్దు, విప్పొద్దు. లోపలి నీళ్ళు చేతికి అంటితే అది జహర్, విషం."

సంచి ముడి వేస్తూ అడిగాను. "వీటివల్లే పోయాడా ఆంటీ?"

"తెల్వదు బేటీ. నీకు అబద్ధం చెప్పను. ఇప్పుడెవ్వరూ చెప్పలేరు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అప్పటిదాకా ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా ఏదో ఒక కారణం చెప్పి వెళ్ళారు. పనెక్కువన్నారు, నిద్ర లేదన్నారు, దిష్టి అన్నారు. తెలియదన్నది ఈవిడొక్కరే.

అన్నిటినీ స్టీలు డబ్బాలో పెట్టి, బట్టలారేసే చోట ఎండ పడని మూల టైల్స్ మీద ఉంచాను. ఆ వారం ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకున్న రోజుల్లో మధ్యాహ్నం వేళ దాని దగ్గరికి వెళ్ళి మూత తీసేదాన్ని. ఒక్క నిమిషం. లీచీ వాసన వచ్చేది, వాడు పక్క గదిలో కీబోర్డు టకటకలాడిస్తున్నట్టే ఉండేది. మూత పెట్టేసి మళ్ళీ కాల్‌లో కూర్చునేదాన్ని.

శుక్రవారం మరీ పిచ్చి ఆలోచన వచ్చింది. ఎర్రగా ఉన్నదాని అడుగున చిన్న లైటుంది. పీల్చినప్పుడల్లా అది వెలుగుతుందని ఎక్కడో చదివాను. అంటే వాడి ఊపిరికి వెలిగిన లైటు. అది ఒక్కసారి చూడాలనిపించింది. ఫోను చార్జరు పెడితే సరిపోయింది. నీలంగా వెలిగింది. వంటింటి గట్టు మీద పెట్టుకుని, ఎంతసేపో అలా చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి లీచీ కాదు, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చూస్తే మధ్యలో ఉబ్బి, అతుకు విచ్చుకుంటోంది. గోడ దగ్గర స్విచ్ ఆపేసి తలుపు తీసి "ఆంటీ!" అని అరిచాను.

ఆవిడ పరుగున వచ్చారు. చేత్తో ముట్టుకోనివ్వలేదు. పొడవాటి పట్టకారుతో దాన్ని నా ఇనుప మూకుట్లోకి తీసి, బయట వరండాలో సిమెంటు నేల మీద, చుట్టూ ఏమీ లేనిచోట పెట్టారు. "పొగ లేస్తే ఫైరింజన్‌కి ఫోన్ చేద్దాం. దగ్గరికి పోవద్దు" అన్నారు. ఇద్దరం దూరంగా మెట్ల మీద కూర్చుని మూకుడునే చూస్తున్నాం. పొగ లేవలేదు.

"ఎందుకు చార్జింగ్ పెట్టినవ్?" అని తిడతారనుకున్నాను. ఆవిడ నా వీపు నిమిరారు. "మా ఆయన స్వెటర్ నేను ఉతకలే. మడతపెట్టి సంచిల కట్టి దాచిన. రోజూ తీసి చూసేదాన్ని. ఒకరోజు తీస్తే అందుల నా వాసనే వచ్చింది. ఆయనది లేదు." కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఎట్ల దాచినా పోతది బేటీ. ఇల్లు మాత్రం కాలబెట్టుకోకు."

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి వరండాలో మూకుడు చూశాడు. సంగతి విన్నాడు. అది పూర్తిగా చల్లారేదాకా మా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

శనివారం పొద్దున్నే ఆంటీ క్లబ్బుకు ఫోన్ చేశారు. ఉబ్బినదాన్ని పెట్టెలో వెయ్యొద్దు, విడిగా తెచ్చి చేతికివ్వండి అన్నారట. దాన్ని వేరే రేకు డబ్బాలో పెట్టుకుని ఇద్దరం బయల్దేరాం. క్లబ్బులో పైన పిల్లల డాన్సు క్లాసు నడుస్తోంది. కింద గోడ వారన పెట్టె ఉంది, చిన్న సందుతో. ఒక్కొక్కటే వేశాను. పచ్చది, నీలంది, తెల్లది. ప్రతిదీ అడుగున టక్కుమని పడింది.

రేకు డబ్బా కౌంటర్లో ఇచ్చాను. అక్కడున్న చైనీస్ ఆవిడ మా అమ్మ వయసుది. జాగ్రత్తగా అందుకుని, ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

"ఇవి నీవా?"

"కాదు. మా తమ్ముడివి."

ఆవిడ ముఖం విప్పారింది. "వెరీ గుడ్ లా!" అంది, ఇక్కడివాళ్ళ యాసలో. "మానడం చాలా కష్టం, తెలుసా? మంచి పని చేశాడని చెప్పు వాడికి."

ఆంటీ ఏదో అనబోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"చెప్తాను" అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. రెండు స్టాపులు దాటాక ఏడుపొచ్చింది. వాడు పోయినప్పుడు కాగితాలు, విమానం టిక్కెట్లు, ఫోన్లు, వాటి మధ్య నాకు ఏడవడానికి కుదరలేదు. ఇప్పుడు గొంతు ఆగలేదు. ఎదురు సీట్లో వాళ్ళు తల దించుకుని ఫోన్లు చూసుకున్నారు. ఆంటీ సంచిలోంచి చేతిరుమాలు తీసి నా ఒళ్ళో పెట్టి, మా స్టాపు వచ్చినా బెల్లు కొట్టలేదు. బస్సు చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చాక దిగాం.