నూటపన్నెండో పుట

ఎనభైలు ముగుస్తున్న రోజులు. నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. హైదరాబాదులో ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వం తయారుచేస్తున్నవాళ్లు, పాత ముద్రణలోని టెలివిజన్ వ్యాసాన్ని బాగుచేసి ఇమ్మని నాకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్ని వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. స్టాఫ్ రూములో అడగనివాళ్లకు కూడా చూపించాను. అంత మురిపెం నాకు.

పాత వ్యాసం అరపేజీ. టీవీ అంటే ఫోటోలను ఒకదాని వెంట ఒకటి గాలిలో పంపే యంత్రమని అందులో ఉంది. అది తప్పని నాకు తెలుసు. సరైనదేమిటో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పబోతే మాత్రం మాటలు కుదరలేదు. సమీకరణాలు రాసేవాణ్ని, చింపేసేవాణ్ని.

మా ఇంటి వెనక గల్లీలో టీవీలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. వేములవాడ దగ్గరి పల్లెలో నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, దుబాయిలో ఆరేళ్లు ఇదే పని చేసి వచ్చాడు. దుబాయి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు దిగిన టీవీలన్నీ చెడిపోతే ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఒక ఆదివారం పొద్దున దుకాణంలో కూర్చుని పాత వ్యాసం ఆయనకు చదివి వినిపించాను. పడీ పడీ నవ్వాడు.

"ఫోటోలు గీటోలు ఏం రావు సారూ. మా బాపు మగ్గం అసొంటిదే గిది. నాడె ఈ దిక్కుకెల్లి ఆ దిక్కుకు ఉరుకుతది, ఒక పోగు పడ్తది. మళ్ల ఉరుకుతది, ఇంకో పోగు. గట్ల బట్ట తయారైతది. టీవీ లోపట ఒక కిరణం ఉంటది, గదే నాడె. ఒక్కొక్క గీత నేసుకుంట కిందికొస్తది. మస్తు జల్ది నేస్తది గాబట్టి మన కంటికి మొత్తం బట్టనే కనబడ్తది."

నేను గబగబా రాసుకుంటుంటే ఆయనకు ఇంకా హుషారు వచ్చింది.

"ఫరకు రెండే. మా బాపు నాడె పోయేటప్పుడు నేస్తది, వచ్చేటప్పుడు నేస్తది. గీ నాడె వాపస్ వచ్చేటప్పుడు ఖాళీగ వస్తది. ఇంకోటి, ఒక పోగు ఇడిసిపెట్టి ఒక పోగు నేస్తది, మళ్ల మీదికి పోయి సందులు నింపుతది. మా బాపు గట్ల నేస్తే సేటు బట్టను మొఖాన కొడ్తుండె."

ఆ సాయంత్రం వ్యాసం రాసి మా ఆవిడకు వినిపించాను. నేను రాసింది ఆమెకు ఒక్కసారి వినగానే అర్థం కావడం అదే మొదలు. "గిది ఎవలు చెప్పిండ్రు మీకు?" అంది. నా సంగతి ఆమెకు తెలుసు.

సంపాదకుల జవాబు వచ్చింది. వ్యాసం బాగుందనీ, మగ్గం పోలిక మరీ బాగుందనీ మెచ్చుకున్నారు. కాకపోతే ప్రతి వివరణకూ పండితుల గ్రంథం పేరు, పుట సంఖ్య ఇవ్వాలట. మాటగా విన్నది చెల్లదట. సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లి, పెద్ద లైబ్రరీలో రెండు రోజులు కూర్చున్నాను. మిగతా వాటన్నిటికీ ఆధారాలు దొరికాయి. మగ్గానికి దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ఆ పుస్తకాలు రాసిన ఇంజనీర్లలో ఎవరు గుంట మగ్గం చూశారు గనక!

ఆ పేరా తీసేయవచ్చు. లేదా ఫలానా పనిమంతుడు చెప్పాడని సంపాదకులకు రాసి, అచ్చు వేస్తారా వేయరా అని అడగవచ్చు. రెండూ చేయలేదు. మెప్పు పొందిన పేరా వదులుకోబుద్ధి కాలేదు. టీవీలు రిపేరు చేసే మనిషి దగ్గర నేర్చుకున్నానని లెక్చరర్‌నై ఉండి ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. ఒక పుస్తకం చివర ఉన్న జాబితాలోంచి నేను కళ్లతో కూడా చూడని ఇంగ్లిషు గ్రంథం పేరు ఎత్తి రాశాను. పుట సంఖ్య నోటికొచ్చింది వేశాను. నూటపన్నెండు.

సంపుటం వచ్చాక దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టాను. ఆయన కనిపించినప్పుడల్లా "బుక్కు వచ్చిందా సారూ?" అని అడిగేవాడు. "ఇంక రాలేదన్నా" అనేవాణ్ని.

రెండు నెలల తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయనే కాలేజీకి వచ్చాడు. స్టాఫ్ రూములో నలుగురం ఉన్నాం.

"జిల్లా లైబ్రరీల చూసిన సారూ. మస్తు రాసిండ్రు. మగ్గం ముచ్చట కింద ఇంగ్లీషు బుక్కు పేరు పెట్టిండ్రు గదా, నూటపన్నెండో పేజీ అని. గా బుక్కు జర ఇస్తరా? మా బాపుకు చూపెట్టి మళ్ల తెచ్చిస్త. మన మగ్గం గురించి ఎక్కడో ఉన్నోళ్లు రాసిండ్రంటే ముసలాయన ఖుషీ అయితడు."

ఆయన ముఖంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. తోటి లెక్చరర్లు తలలెత్తి చూస్తున్నారు. "హైదరాబాదుల చూసొచ్చిన అన్నా. ఇక్కడ లేదు" అన్నాను. సాయంత్రం దుకాణానికి వెళ్లి నిజం చెప్పాలనుకున్నాను. ఆ సాయంత్రమూ వెళ్లలేదు, ఆ తర్వాతి సాయంత్రాలూ వెళ్లలేదు. సిగ్గుతో గల్లీ మార్చి ఇంకో దారిన నడిచేవాణ్ని.

చివరికి మా టీవీ చెడిపోతే వెళ్లక తప్పలేదు. ఆయన ఎప్పటిలాగే స్టూలు జరిపి కూర్చోబెట్టాడు.

"సామాన్లకు హైదరాబాదు పోయినప్పుడు పుస్తకాల దుకాన్లన్ని తిరిగిన సారూ. గా బుక్కు దొరకలే. ఏం ఫికర్ లేదు" అంటూ టీవీ వెనక మూత విప్పసాగాడు. "నేనొక పిచ్చోన్ని. గా మగ్గం ముచ్చట నాకే తోచిందని ఇన్నేండ్ల సంది అనుకున్న. మా బాపుకు గూడ గట్లనే చెప్పుకున్న. మొన్న పోయి చెప్పిన, బాపూ, గది నాది గాదే, పెద్ద పెద్ద సదువుకున్నోళ్లు ఎన్నడో రాసిపెట్టిండ్రు అని. గంతే గద సారూ?"

స్క్రూడ్రైవరు పట్టుకుని నా జవాబు కోసం ఆగాడు.

"ఔనన్నా" అన్నాను.