మాస్టారి కారుకు రాసిన వంకల చీటీ

బేరంలో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను. అంగుళం కదలని కారు ఒకటి కొన్నాను. అమ్మే మనిషి పన్నెండు వేలకే సరేనంటే, కాదు, ఇరవై ఐదు వేలు తీసుకోవాల్సిందేనని నేనే పట్టుబట్టాను. రాంగోపాల్‌పేట్‌లో మూడు తరాలుగా ఇనుప సామాన్ల దుకాణం నడుపుతున్న ఇంట్లో ఇలాంటి బేరం నాకు ముందు ఎవరూ చేయలేదు. నా తరవాత ఎవరూ చేయబోరు. ఆ ఘనత పూర్తిగా నాదే.

దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మేవాణ్ణి కాదు. కౌంటర్ వెనక పెరిగినవాణ్ణి, తూకం వేసి చూడనిదే గుప్పెడు మేకులు కూడా తీసుకోను. అందుకని ఇందులో చూసింది చూసినట్టే రాస్తున్నాను. దీనికి ఎవరైనా సరైన కారణం చెప్పగలిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

తొంభైల చివర్లో జరిగింది ఇది. సాల్మన్ మాస్టారు మా పాత గిరాకీ. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడి బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ప్రతి రెండో శనివారం వచ్చి నాలుగు బోల్టులో, ఆరు వాషర్లో కొనేవారు. ఒక్కసారీ బేరమాడలేదు. బేరమాడని మనిషిని మా నాన్న అనుమానంగా చూసేవాడు.

ఆయన పోయాక కొన్ని నెలలకు ఆయన భార్య గ్రేసమ్మ గారు దుకాణానికి వచ్చారు. వాడని బోల్టులు ఒక సంచీలో తెచ్చి, తిరిగి తీసుకుంటారా అని అడిగారు. మాటల్లో కారు సంగతి బయటపడింది. మాస్టారు ఒక పాత మోరిస్ మైనర్ కొని, పదకొండేళ్ళుగా విప్పి బాగుచేస్తున్నారట. సగంలో పోయారు. కాప్రాలో వాళ్ళుండే అద్దె ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేసి, ఆవిడ చిలకలగూడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళాలి. అక్కడ కారు పెట్టే చోటు లేదు. పాత ఇనుము కొనేవాడు తూకానికి అడుగుతున్నాడు.

నా దగ్గర అప్పుడు యాభై వేలున్నాయి. నావి కావు, మా ఆవిడ విజయ కట్టిన చిట్టీ డబ్బులు. మా దుకాణం అన్న పేరు మీద ఉంది; అందులోంచి బయటికొచ్చి వేరే దుకాణం పెట్టుకోవడానికి, ముందుగా కట్టాల్సిన పగిడీ కోసం దాచుకున్నవి. అయినా చూసి వస్తే పోయేదేముంది అనుకున్నాను. పాత కారు బాగుచేసి అమ్మితే రెండింతలొస్తుందని ఎవరో అనగా విన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఇంటి పక్కన రేకుల షెడ్డు. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉందన్న మాటే గానీ, సగం సామాను గోడ వెంట బిస్కెట్ డబ్బాల్లో ఉంది. ఒక్కో డబ్బా మీద లోపల ఏముందో ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం అంటించి ఉంది. మాస్టారు బిగించిన ప్రతి స్క్రూ తల మీదా పసుపు పెయింటు చుక్క ఉంది. ఇది పూర్తయింది, మళ్ళీ చూడక్కర్లేదు అని గుర్తు.

ఇక్కడ మా దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. పాత సరుకు కొనేటప్పుడు మేం ‘వంకల చీటీ’ రాస్తాం. బిల్లు పుస్తకంలో కార్బన్ పెట్టి, సరుకులో ఉన్న లోపాలన్నీ వరసగా, ఒక్కోదానికి ఎంత తగ్గించాలో పక్కన రాస్తాం. అసలు చీటీ మా దగ్గర ఉంటుంది. కార్బన్ కాపీ సరుకు తీసుకెళ్ళేదాకా దాని దగ్గరే ఉండాలి. రేపు ఎవరూ మాట మార్చకుండా.

గ్రేసమ్మ గారు ముప్పై వేలు చెప్పారు. నేను రెండు గంటలు కారు చుట్టూ తిరిగి ఇరవై ఆరు వంకలు రాశాను. నిజం ఒప్పుకుంటాను, వాటిలో చాలావాటికి సామాను డబ్బాల్లోనే ఉంది, బిగిస్తే చాలు. నేను మాత్రం కొత్తది కొన్నట్టు తగ్గించాను. మొత్తం పద్దెనిమిది వేలు తగ్గింది. పన్నెండు వేలన్నాను. ఆ ధర విని ఆవిడ తలుపేసుకుంటుంది, నేను గౌరవంగా తప్పుకోవచ్చు అని నా లెక్క.

ఆవిడ చీటీ చదవనైనా లేదు. “అలాగే కానివ్వండి బాబూ. తూకానికి వేయకుండా పూర్తి చేయిస్తానంటే చాలండి నాకు,” అన్నారు.

నేను చెప్పిన ధరకే ఒప్పుకున్నాక కాదనలేక ఐదువందల ఒక్క రూపాయి బయానా ఇచ్చాను. నెలాఖరులోగా తీసుకోకపోతే బయానా పోతుంది, అంతే. చీటీ కాపీని కారు ముందు గోడకున్న మేకుకు గుచ్చి, బయానా ఇచ్చినవాళ్ళ అలవాటు ప్రకారం షెడ్డుకు నా తాళం వేసుకుని వచ్చాను.

మరుసటి ఆదివారం ఖాజా భాయ్‌ని తీసుకెళ్ళాను. పాత కార్ల పనిలో ముప్పై ఏళ్ళుగా చేయి తిరిగిన మెకానిక్. చీటీ చదువుతూ కారు చుట్టూ వస్తున్నాడు. నాలుగో వంక దగ్గర ఆగి నవ్వాడు.

“సేఠ్, ‘ఎడమ తలుపు పిడి లేదు’ అని రాసినవ్. గిదేంది మరి? రాసేటప్పుడు కండ్లు దుకాణంలనే పెట్టొచ్చినవా?”

పిడి ఉంది. ఎడమ తలుపుకు, ఉండాల్సిన చోట. పోయిన వారం ఆ తలుపును పిడి లేని రంధ్రంలో వేలు పెట్టి లాగి తెరిచాను. రేకు గీరుకుని వేలు తెగింది కూడా. ఆ గీత ఇంకా మానలేదు.

ఖాజా భాయ్ స్క్రూలు చూశాడు. రెండు తలల మీదా పసుపు చుక్కలు. బొటనవేలితో ఒత్తితే రంగు వేలికంటింది. అరలో ఉన్న పసుపు డబ్బా తీసి స్క్రూడ్రైవర్‌తో మూత లేపాడు. లోపల రంగు రాయిలా గట్టిపడిపోయి ఉంది. అతను నవ్వడం మానేశాడు. కారు పూర్తి చేయడానికి ముప్పై ఎనిమిది, నలభై వేలు అవుతుంది అని మాత్రం చెప్పి, షెడ్డు బయటికెళ్ళి నిలబడ్డాడు.

నా బుర్రకు తట్టింది ఒకటే. ధర పెంచడానికి ఆవిడ ఎవరితోనో పని చేయిస్తోంది, నా తాళానికి ఆవిడ దగ్గర మారు తాళంచెవి ఉంది. ఆ రోజే మా దుకాణంలోని కొత్త తాళం తెచ్చి వేశాను. రెండు చెవులూ నా మొలతాడుకే కట్టుకున్నాను. తాళం మీదుగా కాగితం పట్టీ మైదాపిండితో అంటించి సంతకం పెట్టాను. రేకులన్నీ ఒక్కొక్కటిగా లాగి చూశాను. ఒక్కటీ వదులుగా లేదు.

బుధవారం మధ్యాహ్నం ఒక్కణ్ణే వెళ్ళాను. కాగితం పట్టీ చెక్కుచెదరలేదు, సంతకం నాదే. తాళం తీసి లోపలికెళ్ళాను.

తొమ్మిదో వంక: డ్రైవర్ వైపు అద్దం తలుపు లోపల పడిపోయింది, పైకి రాదు. పదిహేడో వంక: వైపర్ వేలాడుతోంది.

అద్దం పైకి లేచి ఉంది. ఆదివారం దాకా గోడకు ఆనించి ఉన్న తలుపు లోపలి అట్ట బిగించి ఉంది. లెక్కపెట్టాను, పద్నాలుగు స్క్రూలు, పద్నాలుగు పసుపు చుక్కలు. వైపర్ నిటారుగా ఉంది. అద్దం తిప్పే పిడి పట్టుకుని తిప్పాను. నూనె వేసినట్టు మెత్తగా దిగింది, మెత్తగా ఎక్కింది. నేల మీద దుమ్ములో నా చెప్పుల జాడ, ఖాజా భాయ్ బూట్ల జాడ తప్ప ఇంకోటి లేదు.

గ్రేసమ్మ గారిని పిలిచి గట్టిగానే అడిగాను. ఆవిడ సమాధానంగా చేతులు చాపి చూపించారు. వేళ్ళ కణుపులన్నీ వాచి వంకర్లు తిరిగి ఉన్నాయి. టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునే మనిషి.

కారు దగ్గరికి వచ్చి అద్దం వంక చాలాసేపు చూశారు. తరవాత గోడకున్న చీటీ చూశారు.

“ఈ కాగితం మీరే పెట్టారా అండి?”

“అవునమ్మా. మా పద్ధతి.”

“మాస్టారికి ఏ పనైనా కాగితం మీద రాసి ఎదురుగా పెట్టాలి. రోజూ పొద్దున్నే నా చేత రాయించుకునేవారు. అది అయ్యేదాకా భోజనానికి లేచేవారు కాదు.” నా వైపు తిరిగి, “పోయినవాళ్ళు ప్రభువులో నిద్రపోతారని మా నమ్మకం బాబూ. నేనింకేమీ అనను,” అని లోపలికి వెళ్ళిపోయారు.

భయం వేసిందని చెబితే గౌరవంగా ఉంటుంది. కానీ స్కూటర్ మీద తిరిగొస్తూ నేను వేసుకున్న లెక్క వేరు. మూడు వంకలు తీరాయి, ఇంకా ఇరవై మూడు. నెలాఖరుకు ఇంకా పదిహేను రోజులున్నాయి. చీటీ అక్కడే ఉంచి ఊరుకుంటే కారు ఊరికే తయారవుతుంది. ఖాజా భాయ్ ఖర్చు మిగులుతుంది, చిట్టీ డబ్బుల్లో చాలా భాగం పగిడీకే పనికొస్తుంది. ఈ లెక్కే సాయంత్రం విజయకు ఉత్సాహంగా చెప్పాను.

విజయ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

“చచ్చిపోయినాయనతోటి సుత కూలి లేకుంట పని చేయించుకుంటవా? గదేం బేరం? సిగ్గు లేదా నీకు?”

“నేనేం చేయించిన? నేను చీటీ రాసిన గంతే.”

“అన్నీ దొంగ వంకలే రాసినవని నువ్వే చెప్తివి. ఉన్న సామాను లేదని రాస్తివి. ఆయన పంతులు. తప్పు లెక్క కనిపిస్తే ఊకుంటడా?”

ఆ రాత్రి అసలు చీటీ తీసి ఇరవై ఆరు వంకలూ మళ్ళీ చదువుకున్నాను.

గురువారం పొద్దున దుకాణం తెరవకముందే కాప్రా వెళ్ళి చీటీ మేకు నుంచి తీసేశాను. దాని మీద ఏ గుర్తూ లేదు, ఏ మరకా లేదు. శనివారం విజయను వెంటబెట్టుకుని వెళ్ళాను. మిగతా ఇరవై మూడూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆ తరవాత కూడా, కారు అక్కడున్నన్ని రోజులూ, ఒక్క స్క్రూ కదల్లేదు.

విజయ డబ్బాల మీది రాతలన్నీ ఒక్కోటీ చదివింది. డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దం రెండుసార్లు దించి ఎక్కించింది. తరవాత బయటికొచ్చింది. కొనకపోతే కారు తూకానికి పోతుంది. కొంటే ఆమె మూడేళ్ళు కట్టిన చిట్టీ పోతుంది, అన్న దుకాణంలో మా బతుకు అలాగే ఉంటుంది. ఆ మాట ఆమెతో అనే ధైర్యం నాకు లేకపోయింది.

“పైసలిస్త,” అంది చివరికి. “ఇచ్చినందుకు దినాం దెప్పుత. పడతవా?”

పడతానన్నాను. ఇప్పటికీ పడుతున్నాను.

ఆ సాయంత్రం గ్రేసమ్మ గారి వరండాలో కూర్చుని బిల్లు పుస్తకం తెరిచి కొత్త చీటీ రాశాను. డబ్బాల్లో ఉన్న సామానుకు తగ్గింపు లేదు. తీరిపోయిన మూడింటికీ లేదు. నిజంగా లేనివాటికి ఐదు వేలు మాత్రమే. “పన్నెండు అనుకున్నాం కదండీ,” అని ఆవిడ మూడుసార్లు అడ్డుపడ్డారు. నేను వినలేదు.

అద్దం ఎక్కించడం ఇద్దరు మనుషులకు పూటంతా పట్టే పని అని తరవాత ఖాజా భాయ్ చెప్పాడు. తాళం, పట్టీ, దుమ్ము, ఎండిపోయిన రంగు డబ్బా, ఇన్నేళ్ళుగా అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉన్నాను. ఎటు కూడినా సరిపోవడం లేదు.

ఆఖరి బిల్లు ఇది. కారుకు ఇరవై ఐదు వేలు, బయానా అందులోనే. కాప్రా నుంచి తాడు కట్టి లాగించినందుకు ఎనిమిది వందలు. ఖాజా భాయ్ కూలీ, సామాను కలిపి ముప్పై ఎనిమిది వేల ఐదు వందలు. మొత్తం అరవై నాలుగు వేల మూడు వందలు. చిట్టీ పోగా అన్న దగ్గర తీసుకున్న అప్పు పద్నాలుగు వేల మూడు వందలు. వేరు దుకాణం ఇంకో నాలుగేళ్ళు వెనక్కి పోయింది. కారు నడిచింది, కానీ మనసొప్పక ఎవరికీ అమ్మలేకపోయాను, కాబట్టి లాభం సున్నా. పిడి, అద్దం, వైపర్, ఈ మూడింటికి ఖాజా భాయ్ రూపాయి కూడా వేసుకోలేదు, చేసింది తను కాదన్నాడు. బిల్లులో ఆ మూడు పనులూ రాశాను. కూలీ ఎవరికి చెల్లించాలో తెలియక, ఎదురుగా ఏ అంకే వేయలేదు.