పర్చూరు నుంచి గుంటూరుకు, ఒంటి చేత్తో తెరిచే చాకు కోసం

ఈమధ్య ఈ బ్లాగు చదివే ఒకావిడ అడిగారు. వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి ఒక్కటే పనిచేస్తోందట. ఒంటి చేత్తో తెరిచి మూసుకోగలిగే మడత చాకు గుంటూరు బజారులో దొరుకుతుందా అని ఆవిడ ప్రశ్న. ఇప్పటి బజారు సంగతి నాకు పెద్దగా తెలియదు. కానీ ఎనభైల్లో ఒకసారి, మిరప కోతల రోజుల్లో, అచ్చం అలాంటి చాకు కోసమే మా బావతో కలిసి పర్చూరు నుంచి గుంటూరు వెళ్ళాను. ఆ ప్రయాణం ఎలా సాగిందో రాస్తే ఆవిడకీ, అదే పని మీద బయల్దేరేవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను పర్చూరులో బడిపంతులుని. మా అక్క, బావ ఆ పక్క ఊళ్ళోనే పత్తి, మిరప పండించేవాళ్ళు. అంతకుముందు ఏడాది చొప్ప కత్తిరించే మిషనులో బావ ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. గాయం మానింది, పొలానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అయితే రైతుకి జేబులో చాకు లేకపోతే రోజు గడవదు. బస్తా మూతి కుట్టిన పురికొస తెంచాలన్నా, తెగులు పట్టిన కొమ్మ కోయాలన్నా అదే కావాలి. మామూలు మడత చాకు తెరవడానికి రెండు చేతులు ఉండాలి. బావ పళ్ళతో పట్టి లాగేవాడు. ఒకరోజు అది జారి పై పెదవి చీరుకుపోయింది. అక్క ఆ చాకు తీసుకెళ్ళి కాలవలో పడేసింది. ఈలోగా బావ వాళ్ళ అన్నయ్య కబురు పెట్టాడు, ఆదివారం వస్తాననీ, పొలం మొత్తం కౌలుకు ఇచ్చే మాట తేల్చుకుందామనీ.

శుక్రవారం సాయంత్రం బావ నా గదికి వచ్చాడు.

“రేపు సెలవు పెట్టరా. గుంటూరు పోవాలి.”

“దేనికి బావా?”

“చాకుకి.”

“చాకు పర్చూరులో దొరకదా?”

“రెండు చేతులున్నోళ్ళవి దొరుకుతయ్,” అన్నాడు.

పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాం. ఆ బస్సు పెదనందిపాడు, ప్రత్తిపాడు మీదుగా వెళ్తుంది. ఎక్కడా ఆగిపోకపోతే రెండు గంటల దారి. పొద్దున బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే బజారులో ఉండొచ్చు. దారంతా రేగడి చేలు, వాటి మధ్య కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు. ప్రత్తిపాడులో జనం విరగబడి ఎక్కారు. మాకు అప్పటికే సీట్లు ఉన్నాయి గానీ, ఒక ముసలాయన వస్తే బావ లేచి తన సీటు ఇచ్చి, పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు వచ్చి బావ చెయ్యి చూసి, టిక్కెట్టు ఆయన చొక్కా జేబులో తనే పెట్టి, జేబు మీద ఒకసారి తట్టి ముందుకు పోయాడు. మంచిగానే చేశాడు. బావ మాత్రం గుంటూరు వచ్చేదాకా కిటికీ బయటికే చూస్తూ నిలబడ్డాడు.

బస్టాండు నుంచి రిక్షాలో పట్నం బజారుకి వెళ్ళాం. ఇనుప సామాన్ల కొట్లు అక్కడే వరసగా ఉండేవి. మూడు కొట్లు తిరిగాం. ప్రతి కొట్లోనూ గోటితో లాగి తెరిచే చాకులే చూపించారు. నాలుగో కొట్టు ఆయన కాసేపు ఆలోచించి, లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన చాకు ఒకటి తెచ్చాడు. ఇత్తడి పిడి, దాని పక్కన చిన్న బొత్తాం. బావ చేతికిచ్చి నొక్కమన్నాడు. టక్కున అలుగు, అదే కోసే రేకు, బయటికి వచ్చింది. ప్రమాదం జరిగిన తర్వాత బావ మొహం అంతగా విప్పారడం అదే మొదటిసారి చూడటం.

“ఇది ఇచ్చెయ్యండి,” అన్నాడు.

“బావా, బటన్ చాకు జేబులో ఉంటే పోలీసులు పట్టుకుంటారు.”

“చెయ్యి లేనోడి మీద కూడా కేసు పెడతారా?”

కొట్టాయన నా వంక కాకుండా బావ వంకే చూసి చెప్పాడు. “పెడతారండి. వాళ్ళు చూసేది బటన్ని, చేతిని కాదు. ఇది కొనేవాళ్ళు వేరే ఉంటారు. మీకు అమ్మడం నాకూ ఇష్టం లేదు. అడిగారని చూపించాను.”

బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మూయబోతే మూతపడలేదు. బొత్తాం నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో అలుగు మడవాలి. తొడకి ఆనించి ప్రయత్నించాడు, పంచెకి చిల్లు పడింది. చాకు బల్ల మీద పెట్టేశాడు.

“తెరుచుకుంటే సరిపోద్దనుకున్నా,” అన్నాడు.

బయటికొచ్చాం. ఎండ ఎక్కింది. గాలిలో మిరప ఘాటుకి ఇద్దరం తుమ్ముతూ నడిచాం. అంతదూరం వచ్చి వట్టి చేతులతో తిరిగిపోవడమేనా అని నాకు చిరాకుగా ఉంది. బావ గడ్డం తడుముకుని, “ఇంత దూరం వచ్చాంగా, గడ్డమన్నా గీయించుకుంటా,” అన్నాడు. గోడ వారన కుర్చీ వేసుకున్న మంగలి దగ్గర కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన ఎడం చేత్తో బావ గడ్డం పైకెత్తి పట్టుకుని, కుడి చేతిలోని కత్తిని బొటనవేలితో చిన్నగా తోశాడు. కత్తి విచ్చుకుంది.

“ఆగు,” అన్నాడు బావ. సగం మొహం నిండా సబ్బు నురగ. “మళ్ళీ ముయ్యి.”

“గీయించుకోరా ఏంటండీ?”

“గీయించుకుంటాలే. ముందు ముయ్యి. ఇప్పుడు తెరువు.”

కత్తి వెనక చిన్న తోకలాంటి ముక్క ఉంది. దాని మీద బొటనవేలు వేస్తే అలుగు లేస్తుంది. బొత్తాం లేదు, స్ప్రింగు లేదు, గొళ్ళెం లేదు. అలుగు వీపుని తొడకి ఆనించి నెడితే మూతపడుతుంది. బావ ఆ కత్తి తన చేతిలోకి తీసుకుని రెండు మూడుసార్లు తెరిచి మూశాడు. ఆ తర్వాత గడ్డం గీయించుకునే ఓపిక కూడా లేదాయనకి. “తొందరగా కానీ,” అని ఒకటే పోరు.

బజారు చివర కొలిమి పెట్టుకున్న ఒకాయన ఉన్నాడని తెలిస్తే అక్కడికి వెళ్ళాం. ఆయనకి అరవై దాటుంటాయి. బావ నేల మీద బొగ్గుతో బొమ్మ గీశాడు. పిడి ఇంత, అలుగు ఇంత, తోక ఇక్కడ. ఆయన ఇనుము అరగదీసే పాత ఆకురాయి ముక్క ఒకటి తీసి, “దీనితో చేస్తా. కొడవలికి పెట్టినట్టు పళ్ళు పెట్టమంటారా? పురికొస బాగా తెగుద్ది,” అన్నాడు.

నేను పెట్టమనే చెప్పబోయాను.

“వద్దు,” అన్నాడు బావ. “పళ్ళు అరిగితే ఒక్కో పన్నూ ఆకురాయితో రుద్దాలి. ఒక చేత్తో కత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో రుద్దాలి. సాపు అంచైతే సానరాయి నేల మీద పెట్టి నేనే నూరుకుంటా.”

పని మధ్యాహ్నం దాటేదాకా సాగింది. మధ్యలో నేను వెళ్ళి పక్క హోటల్లో ఇడ్లీలు కట్టించుకొచ్చాను. బావ కొలిమి దగ్గర్నుంచి కదల్లేదు. చాకు తయారయ్యాక చేతిలోకి తీసుకుని తెరిచాడు. తెరుచుకుంది. తొడకి ఆనించి మూయబోయాడు. చూపుడు వేలు తెగింది.

రక్తం చూసి నేను గట్టిగా అరిచాను. “ఉన్న ఒక్క చెయ్యీ కోసుకుంటావా బావా! వద్దు, పోదాం పద.”

ఆయన వేలు నోట్లో పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఆదివారం నాటి కౌలు మాట అప్పుడే తేలిపోయిందనిపించింది. తర్వాత బావ చాకుని వెలుగులోకి పట్టి చూసి, కొలిమాయనతో అన్నాడు.

“పిడి దగ్గర అంగుళం మేర పదును తీసెయ్. మూసేటప్పుడు వేలు తగిలేది అక్కడే.”

ఆ అంగుళం మొద్దు చేశాక మళ్ళీ ప్రయత్నించాడు. ఇరుసు బిగువుగా ఉందన్నాడు, వదులు చేయించాడు. మరీ వదులై చాకు తనంతట తనే తెరుచుకుంటే మళ్ళీ సుత్తి దెబ్బ ఒకటి వేయించాడు. నిలబడి తెరిచాడు, కూర్చుని తెరిచాడు, కళ్ళు మూసుకుని తెరిచాడు. కొలిమాయన ఓర్చుకున్నాడు. చివర్లో మాత్రం, “ఇంక చాలు బాబూ, అరిగిపోద్ది,” అన్నాడు. అందరం నవ్వాం.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. బస్టాండులో జామకాయలు కొన్నాం. ఇంటికి చేరేసరికి అక్క వాకిట్లో ఉంది. బావ ఒక జామకాయ తీసుకుని, ఎడమ చేతి మొండితో పీటకేసి అదిమి పట్టి, చాకు తెరిచి కోశాడు. ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది అక్కకి ఇచ్చాడు. చెయ్యి పోయిన దగ్గర్నుంచి అక్క ఆయన్ని పల్లెత్తు మాట అనేది కాదు. అన్నం కలిపి పెట్టేది, చొక్కా గుండీలు పెట్టేది, గొంతు కూడా పెంచేది కాదు. ఆ రోజు ముక్క కొరికి, ఆయన వంక చూసి గట్టిగా అంది.

“కడగకుండా కోశారేంటండీ? దుమ్ము కరకరమంటోంది. బుద్ధుండక్కర్లా మనిషికి!”

“కడుక్కొస్తా ఉండవే,” అంటూ బావ నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచాడు. ఆ నడకలో ఏదో హుషారు ఉంది.

ఒక చాకు వల్ల అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధం అవుతుంది. ఆదివారం వాళ్ళన్నయ్య వచ్చాడు, మాటలు పెరిగాయి. చివరికి దూరాన ఉన్న పొలం చెక్క కౌలుకు ఇచ్చి, ఇంటి దగ్గరి పొలం బావే ఉంచుకున్నాడు. చాలా ఏళ్ళు పండించాడు. కొన్నేళ్ళు మిగిలింది, కొన్నేళ్ళు పోయింది, అందరు రైతులకీ అయినట్టే. ఆ రోజుని ఇప్పుడు తలుచుకుంటే, వద్దనో పోదాం పదనో అన్నది ప్రతిసారీ నేనే. ఎందుకు కుదరడం లేదో చూసుకుని, ఏం మార్చాలో చెప్పింది ఆయన. చెయ్యి పోయింది ఆయనదే కాబట్టి, ఆ లెక్క ఆయనకే తెలుసు.

చాకు కొనబోయేవాళ్ళకి ఒక్క మాట. ఎవరి కోసం కొంటున్నారో వాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి. వాళ్ళు తెరిచి మూసి చూసుకునేంతసేపు మీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడండి.