ఆవుల దారిలో నేను వేసిన గేటు

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా బెంబేలెత్తుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మావారు ప్రసాద్‌కి లండన్‌లో మూడు నెలల పని పడింది. సింగపూర్ బడులకి నవంబరులో సెలవులివ్వగానే నేనూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయి సింధూ ఆయన దగ్గరికి బయల్దేరాం. సింగపూర్‌లో మేముండే బుకిట్ బటోక్‌లో, మా కింది అంతస్తులో ఉండే హైదరాబాదు నసీమ్ ఆంటీ రెండు ఉన్ని కోట్లు తెచ్చిచ్చి, "అక్కడ పొద్దు జల్దీ గూకుతదంట బేటీ. పోరిని పట్టుకొని యాడ పడితే ఆడ తిరగకు," అంది. నేను స్వతహాగా పిరికిదాన్ని. ఆవిడ చెప్పకపోయినా తిరిగేదాన్ని కాదు.

ఇంగ్లండులో ఒక పల్లెటూరు చూడాలన్నది ప్రసాద్ సరదా. పాడి ఆవుల్ని పెంచే ఒక రైతు దంపతులు తమ ఇంట్లోనే ఒక గది అద్దెకిస్తారని ఆఫీసులో ఎవరో చెబితే, ఫోన్ చేసి శుక్ర, శని రాత్రులకి మాట్లాడాడు. గురువారం సాయంత్రం ఆయన ప్రోగ్రామేదో మొరాయించింది. "మీరిద్దరూ వెళ్లి రండి, ఎంతసేపూ నేను పక్కనుండాలా ఏంటి," అన్నాడు. పౌరుషానికి పోయి సరేనన్నాను. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది.

శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభై ఐదుకి పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కాం. దారికి పులిహోర, ఆవకాయ రాసిన బ్రెడ్డు ముక్కలు కట్టుకున్నాను. గంటన్నర తర్వాత రెండే పెట్టెలున్న చిన్న రైల్లోకి మారాలి. అందులో మా ఎదురుగా ఒక ముసలావిడ అల్లిక పని చేసుకుంటోంది. ఎక్కడికని అడిగి, ఊరి పేరు చెప్పగానే సూదులు ఆపి, నాలుగింటికల్లా ఇల్లు చేరండమ్మా, ఆ తర్వాత అక్కడ వీధి దీపాలుండవు అంది. నసీమ్ ఆంటీ మాటనే ఇంగ్లీషులో ఇంకోసారి విన్నట్టయింది. స్టేషన్ నుంచి ఆ ఊరికి రోజుకి రెండే బస్సులు. ఒంటిగంటా పది నిమిషాలకి బస్సు మమ్మల్ని ఒక సందు మొదట్లో దింపి వెళ్లిపోయింది.

బస్సు చప్పుడు దూరమయ్యాక అసలు నిశ్శబ్దం మొదలైంది. మా ఫ్లాటు పదో అంతస్తులో. ఎంఆర్‌టీ రైలు పోయే శబ్దం, పక్కింటివాళ్ల టీవీ, కింద ఎవరో బాస్కెట్‌బాల్ ఆడే దబదబ, ఇవి లేని గంట నాకు గుర్తులేదు. ఇక్కడ నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. ఇళ్లున్నాయి, పొగగొట్టాల్లోంచి పొగ వస్తోంది, మనిషి జాడ లేదు. సింధు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, వై సో క్వయట్ వన్?" అంది.

ఇంటావిడ మార్గరెట్‌కి అరవై ఐదేళ్లుంటాయి. రబ్బరు బూట్లు, మగవాళ్ల చొక్కా. టీ పోసి, మేం తెచ్చిన పులిహోర రుచి చూసి మరోసారి పెట్టించుకుంది. ఆవిడ భర్త ఆర్థర్ ఎత్తైన మనిషి, మాట తక్కువ. సింధుని చూసి నవ్వి, పేరడిగాడు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ అడిగాడు.

ఆయన బయటికి వెళ్లాక మార్గరెట్ తనే చెప్పింది. ఏడాదిగా ఆయనకి మతిమరుపు. కిందటి నెల పాల ట్యాంకులోకి గొట్టం తిప్పడం మర్చిపోతే ఒక పూట పాలన్నీ కాలవలో కలిశాయి. పట్నంలో ఉన్న కూతురు ఆవుల్ని అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమంటోంది. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే అలాగే చేస్తానని మార్గరెట్ ఆమెకి మాటిచ్చిందట. "ఆవులు లేని రోజు ఆయన ఏ పని మీద లేస్తాడో నాకు తెలీదు," అంది. నలభై ఆవులు. ఇద్దరూ పెళ్లైన ఏడు నుంచి పెంచుతున్న మంద.

శనివారం ఎనిమిదింటికి ఫలహారం. గుడ్లు, పుట్టగొడుగులు, కాల్చిన టమాటాలు. పది గంటలకి ఊరు చూశాం. ఊరంటే ఒక చర్చి, పోస్టాఫీసూ కిరాణా కలిసిన ఒకే కొట్టు, ఒక పబ్బు, రాతి ఇళ్ల వరస. అరగంటలో అయిపోయింది. ఒంటిగంటన్నరకి, గుట్ట మీది నుంచి లోయంతా కనిపిస్తుందని మార్గరెట్ చెబితే, కాలిబాట పట్టాం. అక్కడ ఎవరి పొలంలోంచైనా సరే, పసుపుపచ్చ బాణం గుర్తున్న దారిలో ఎవరైనా నడవొచ్చట. ఎంత చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. సింగపూర్‌లో లోపలికి రావద్దని తుపాకి పట్టుకున్న సిపాయి బొమ్మతో పెట్టిన ఎర్ర బోర్డులు చూసి చూసి, పరాయి నేల మీద కాలు పెట్టడమంటేనే నాకు గుండె దడ. ప్రసాద్ వీసా మీదికి ఏం వస్తుందోనని అడుగడుక్కీ వెనక్కి చూస్తూ నడిచాను.

ఇంటి వెనక ఆవుల సందు దాటాక పెద్ద ఇనప గేటు వచ్చింది. బార్లా తీసి ఉంది. దూరంగా పచ్చికలో ఆవులు మేస్తున్నాయి. ఇంకో వారంలో పాకలో కట్టేస్తారట, గడ్డి ఉన్నన్నాళ్లూ పగలు బయటికి వదులుతారు. మాది కృష్ణా జిల్లాలో గేదెలున్న ఇల్లు. తడిక తీసి ఉంటే, అది ఎవరిదైనా సరే, వేసి రావాలని మా తాతయ్య బెత్తంతో నేర్పాడు. గొడ్డు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలతారు, రెండిళ్ల మధ్య మాటలుండవు. పాపం ఎవరో మర్చిపోయారు అనుకుని గేటు లాగి, గొలుసు కూడా కొక్కేనికి తగిలించాను. మంచి పని చేశానని సింధుకి రెండు ముక్కలు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

గుట్ట మీది నుంచి చూస్తే నిజంగానే బాగుంది. రాతి గోడల మధ్య పొలాలు, మధ్యలో సన్నటి ఏరు. చూస్తుండగానే ఏటి మీంచి పొగమంచు లేచింది. మూడుంబావుకి దిగడం మొదలుపెట్టాం. కింద పొలంలోకి వచ్చేసరికి పదడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. ముందు అరుపులు వినిపించాయి. ఆ తర్వాత ఆవులు కనిపించాయి.

నలభై ఆవులూ నేను వేసిన గేటుకి అడ్డంగా కుమ్ముకుంటున్నాయి. పాలు పితికే వేళకి వాటంతటవే సందులోంచి ఇంటికి వెళ్తాయట. అందుకే రోజూ ఒంటిగంటకి ఆర్థర్ ఆ గేటు తీసి పెడతాడట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, పొదుగులు నిండి బాధతో అరుస్తున్న జంతువుల వెనక మేమున్నామని. మా ఊరి గేదెలకి రెండింతలున్నాయి. వెనకవరస ఆవులు మమ్మల్ని చూసి ఇటు తిరిగాయి. చీకటి పడుతోంది, వేరే దారి తెలీదు, ముందు నుయ్యి వెనక గొయ్యి.

"దే ఆర్ జస్ట్ లుకింగ్ లా," అంది సింధు. చిన్నప్పుడు గేదెల్ని అదిలించిన కేక ఒకటి గుర్తు తెచ్చుకుని అరవబోయాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లని గోడకి ఆనించి, దానికి అడ్డంగా నిలబడ్డాను. ఒక ఆవు మూతి నా కోటుకి తగిలింది. దాని ఊపిరి వెచ్చగా నా మెడ మీద పడింది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. దేవుళ్లందరి పేర్లూ అయిపోయి మళ్లీ మొదటికొచ్చాను.

సందులోంచి టార్చి వెలుతురు వచ్చింది. గొలుసు చప్పుడైంది. ఆవులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్లిపోయాయి. మార్గరెట్ మా దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ తడిమి చూసింది. నేను నోరు తెరిచేలోపే తనే క్షమించమంది. "ఇది ఆర్థర్ పనే. తీసిన గేటు మళ్లీ తనే వేసేశాడు," అంది. గేటు ఎలా ఉంటే అలా వదిలేయాలని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు, దారిన పోయేవాళ్లెవరూ ముట్టుకోరు అని కూడా అంది.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పరాయి పొలం, పరాయి పశువులు, ఏదైనా ఆవు పాలివ్వడం మానేస్తే ఎవరిని పట్టుకుంటారు, పోలీసులొస్తే ప్రసాద్ వీసా ఏమవుతుంది, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. "పర్వాలేదండీ," అన్నాను. ఆవిడ తప్పుని నేను క్షమించినట్టు.

ఆరింటికి భోజనం. తేలు కుట్టిన దొంగలా ప్లేటులో తల పెట్టుకుని కూర్చున్నాను. నేను వెయ్యలేదు అని ఆర్థర్ రెండుసార్లన్నాడు. మార్గరెట్ కోప్పడలేదు. పాల సంగతి, పొయ్యి మీద మాడిన గిన్నె సంగతి ఒక్కొక్కటే నెమ్మదిగా గుర్తుచేసింది. మూడోసారి ఆయన ఆ మాట అనలేదు. భోజనం ముట్టకుండా లేచి వెళ్లాడు. ఆవిడ పక్కగదిలోకి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది. సోమవారం రమ్మనడం, ఆవుల బేరగాడి పేరు, గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించాయి.

గదిలోకి రాగానే సింధు నా ముందు నిలబడింది. "గేటు నువ్వే కదమ్మా వేసింది. అంకుల్ కాదు కదా?" నాన్న ఉద్యోగం, వీసా అంటూ ఏదో చెప్పాను. అది విని, "బట్ హీ డిడిన్ట్ డూ," అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆవుల ముందు నిలబడ్డప్పటి భయం ఒక లెక్కలోది కాదని అప్పుడర్థమైంది. నా కూతురి ముందు ఏమైపోయానా అన్నదే అసలు భయం.

ఆదివారం బస్సుల్లేవు. తొమ్మిదిన్నరకి టాక్సీ. ఎనిమిదింటికే వంటింట్లోకి వెళ్లి మార్గరెట్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. తాతయ్యనీ, బందెలదొడ్డినీ కూడా చెప్పాను. ఆవిడ పెనం పొయ్యి మీంచి దించి పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత గబగబా వెళ్లి ఆర్థర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "చెప్పమ్మా. ఆయనకి చెప్పు," అంది. ఆవిడ ముఖంలో అంత ఆశ నేను తట్టుకోలేకపోయాను.

చెప్పాను. గేటు వేసింది నేను, మీరు కాదు, నన్ను క్షమించండి అని.

ఆయన నాకేసి దయగా చూశాడు. "లేదమ్మా. నేనే వేశాను. గొలుసు కొక్కేనికి తగిలించడం నాకు గుర్తుంది," అన్నాడు. "నా కోసం నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు."

మార్గరెట్ కుర్చీలో కూలబడింది. మీరు కాదు మీరు కాదని నేను ఎన్నిసార్లన్నానో. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి మార్గరెట్ నావైపు చూడకుండా, "నిన్నే చెప్పి ఉండాల్సింది," అంది. ఒక్క రాత్రిలో నా తప్పు ఆయన జ్ఞాపకమైపోయింది. జబ్బు ముదిరి అలా అన్నాడా, అందరూ అన్నారు కాబట్టి నమ్మేశాడా, నాకు ఈనాటికీ తెలీదు. టాక్సీ వచ్చింది. ఆయనే మా పెట్టె మోసుకొచ్చి డిక్కీలో పెట్టాడు.

మీరెవరైనా ఆ వైపు వెళ్తే నవంబరులో మంచి కోటు తీసుకెళ్లండి, రబ్బరు బూట్లు ఇంటివాళ్లే ఇస్తారు, నాలుగులోపు ఇల్లు చేరండి. లోయ నిజంగా చూడదగ్గది. మనుషులు మంచివాళ్లు. నాకు ఆ నిశ్శబ్దం అంటే ఇప్పటికీ భయమే. మార్గరెట్‌కి ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఆవులున్నాయా అని అడగాల్సి వస్తుందని మానేశాను.

చాంగి విమానాశ్రయంలో దిగి, జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారేదాకా సింధు ఆ ఊరి మాటెత్తలేదు. ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఆ అంకుల్ ఎవ్రీథింగ్ మర్చిపోతారు కదా. ఇది కూడా మర్చిపోతారా?"

మర్చిపోతారమ్మా అన్నాను. ఆ మనిషికి మతిమరుపు ఇంకాస్త ముదరాలని, ఆ రైలొచ్చేదాకా కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.